కథ సరే, విశ్లేషణ ఏదీ?

సందేహం: ఎంబీఏ మొదటి సంవత్సరం చదువుతున్నాను. టాటా నానో మీద కేసు స్టడీ రాయమంటే పదిహేను పేజీలు రాసిచ్చాను. ‘ఇందులో విశ్లేషణ ఎక్కడమ్మా?’ అని సార్ వెనక్కిచ్చేశారు. నా పొరపాటేమిటి?
– ఓ విద్యార్థిని, గుంటూరు

సమాధానం: మీరు పంపిన పేజీలు చదివానమ్మా. వానలో స్కూటరు మీద తడుస్తూ వెళ్తున్న కుటుంబాన్ని రతన్ టాటా చూడటం, 2008 జనవరిలో ఢిల్లీలో లక్ష రూపాయల కారు ఆవిష్కరణ, పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో ఫ్యాక్టరీ స్థలం మీద గొడవ, గుజరాత్‌లోని సనంద్‌కు తరలింపు... పన్నెండు పేజీలు దీనికే పోయాయి. ఆ కథ మీ సార్‌కి తెలిసిందే.

విశ్లేషణ కావాలంటే ఒక తేదీ దగ్గర ఆగండి. 2012 ఏప్రిల్ అనుకుందాం. నానో అమ్మకాలు చూసే బాధ్యత మీది. సనంద్ ఫ్యాక్టరీ ఏడాదికి రెండున్నర లక్షల కార్లు తయారుచేయగలదు. 2011-12లో అమ్ముడైనవి 74,527. మూడో వంతు కూడా కాదు. ఇప్పుడు ధర మీద చెయ్యి వేస్తారా, కారునే మారుస్తారా, ప్రచారం తీరు మారుస్తారా? మీ మొదటి పేరా ఇదే. చివరికి 2018లో తయారీ ఆగిపోయిందని అప్పటికి మీకు తెలియదు. తెలిసినట్టు రాస్తే తొండాటే.

‘సింగూరు వల్లే దెబ్బతింది’ అన్నారు. సింగూరు వదిలేసిన తర్వాతే కదా, 2009లో, డబ్బు కట్టి బుక్ చేసుకున్నవాళ్లు రెండు లక్షలు దాటారు! కార్లు ఆలస్యం కావడానికి సింగూరు కారణం. కార్లు సిద్ధంగా ఉన్నా జనం రాకపోవడానికి కాదు. దానికి కారణంగా 2010లో కొన్ని కార్లకు నిప్పంటుకున్న వార్తలను, ‘చవక కారు’ ముద్రను తూకం వేయాలి. మన ఇళ్లలో కారు కొనేది ఎక్కడానికే కాదు, వీధిలోవాళ్లు చూడ్డానికి కూడా. ఆ ముద్ర పొరపాటేనని రతన్ టాటాయే తర్వాత ఒప్పుకున్నారు గానీ, ఆ మాటను 2012 నాటి మనిషి నోట్లో పెట్టకండి.

ఇక సిఫారసు. మీరు ధర, కారు, ప్రచారం మూడూ మార్చమన్నారు. ఒక్కటి ఎంచుకోండి. దాని ఖర్చెంత, ఎన్ని కార్లు అమ్ముడుపోతే గిట్టుబాటవుతుందో లెక్క కట్టండి. మిగతా రెండూ ఎందుకు వద్దన్నారో నాలుగు వాక్యాలు రాయండి.

సందేహం: కేసు స్టడీలో స్వాట్ (బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు) పట్టిక తప్పనిసరా?
– మరో విద్యార్థి, వరంగల్

సమాధానం: చిత్తు కాగితం మీద వేసుకోండి. ఇచ్చే ప్రతిలో మాత్రం మీ సిఫారసుకు పనికొచ్చే ఒకటి రెండు ముక్కలు చాలు. గడి ఖాళీగా ఉండకూడదని ‘బలం: టాటా పేరు’ అని రాసిన పేపర్లు కట్టలకొద్దీ దిద్దాను. అంత పేరుండీ కార్లెందుకు పోలేదో రాయండి, అప్పుడా గడికి పని ఉంటుంది.