విప్పే ముందు లెక్కపెట్టు

చిరంజీవి చిన్నాకు,

మోడల్ టీ ఫోర్డు స్టీరింగు పట్టుకుంటే చేతులు తిమ్మిరెక్కుతున్నాయనీ, వచ్చే వారం ఇంజను దించి క్రాంక్‌షాఫ్ట్ బయటికి తీస్తాననీ రాశావు. ఆగరా. ఆ ఇంజను మెయిన్ బేరింగులకు బ్లాకులోనే బాబిట్ లోహం పోసి ఉంటుంది. అది చెడితే మళ్లీ పోసి, గీకి, సరిచేసే పనివాళ్లు ఇప్పుడు దొరకడం కష్టం.

ముందు తేల్చాల్సింది ఒక్కటే. క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోపు ఇంజను ఎన్నిసార్లు వణుకుతోంది? ఆ కాలంలో దీనికి ఫ్రామ్ అనే జర్మన్ ఇంజనీరు పేరుతో ఒక పరికరం ఉండేది. ఒక్కో వేగానికి ఒక్కో సన్నని ఉక్కు పట్టీ. కంపనం ఏ పట్టీకి సరిపోతే అదే ఊగేది. నీకు కంపనాన్ని కొలిచే సెల్‌ఫోన్ ఉంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే దాన్ని బ్లాకుకు గట్టిగా బిగించు. క్రాంక్ పుల్లీకి మెరిసే స్టిక్కర్ అంటించి, టాకోమీటరుతో చుట్లు చూడు. సెకనుకు 100 సార్లు కొలిచే ఫోను 50కి పైనున్న కంపనాన్ని నిజంగా చూపలేదు, అందుకే మెల్లగా నడుపు.

900 ఆర్‌పీఎం అంటే సెకనుకు 15 చుట్లు. ఫోను 7.5 చూపిస్తే, రెండు చుట్లకు ఒక్క కుదుపు. ఏదో ఒక సిలిండర్ సరిగా మండడం లేదన్నమాట. కాయిల్ పెట్టెలో కొట్టుకునే వైబ్రేటర్లను పొడి చెక్కపుల్లతో ఒక్కొక్కటే నొక్కిపట్టు. దేన్ని నొక్కితే ఇంజను వేగం తగ్గదో, తప్పు ఆ సిలిండర్‌దే. స్పార్క్ ప్లగ్, కాయిల్, టైమరు చూడు. క్రాంక్ జోలికి పోనక్కర్లేదు. 15 చూపిస్తే బరువుల తేడా. పిస్టన్లు మార్చారేమో అడుగు, మాగ్నెటో అయస్కాంతాలు మోసే ఫ్లైవీల్‌ను అనుమానించు.

30 మాత్రం వేరు. కనెక్టింగ్ రాడ్ వాలడం వల్ల పిస్టన్ పైసగంలో వేగంగా, కిందిసగంలో నెమ్మదిగా కదులుతుంది. అందుకే పైకెళ్లే రెండూ కిందికొచ్చే రెండూ ఒకదాన్నొకటి పూర్తిగా రద్దు చేసుకోవు. మంటల కుదుపు కూడా చుట్టుకు రెండుసార్లే. నాలుగు సిలిండర్ల ఇంజనుకు ఇది పుట్టుకతో వచ్చిన గుణం, పైగా వేగం రెట్టింపైతే పిస్టన్ల బలం నాలుగింతలవుతుంది. దీనికి, ఒకదానికొకటి ఎదురు దిశల్లో క్రాంక్‌కు రెట్టింపు వేగంతో తిరిగే రెండు షాఫ్టుల మందు కనిపెట్టినవాడు ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్. నా లెక్కలో కంపనాన్ని అంత లోతుగా అర్థం చేసుకున్న కారు ఇంజనీరు ఆ రోజుల్లో మరొకడు లేడు.

ఆరు సిలిండర్లయితే ఈ బాధ లేదు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల సిల్వర్ ఘోస్ట్ కారు అలాంటిదే. కానీ పొడుగు క్రాంక్ మెలిపడుతుంది; కొన్ని వేగాల దగ్గర మాత్రమే గడగడలాడి, దాటగానే శాంతిస్తుంది. తొలినాటి నేపియర్ ఆరు సిలిండర్ల కార్లలో ఆ చప్పుడును శక్తికి గుర్తుగా చెప్పి అమ్మారు. అది నాకు ఎప్పటికీ నచ్చని మాట. జబ్బును గొప్పగా చెప్పుకుంటే క్రాంక్ విరుగుతుంది.

బండి నిలబెట్టి ఒకసారి, నడుపుతూ ఒకసారి చూడు. నడిచేటప్పుడే వణికితే ఇంజనును వదిలి చక్రాలు చూడు. మూడు నాలుగు వేగాల దగ్గర వచ్చిన అంకెలు కాగితం మీద రాసి నాకు పంపు. అవి చూసి నేను జవాబు రాసేదాకా ఒక్క బోల్టు కూడా విప్పకు.

మామయ్య