విండోస్ యాప్‌లాకర్: ఆడిట్ మోడ్ పెట్టకుండా ఆన్ చేస్తే ఏమైందంటే

వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఇన్‌స్టాల్ చేయొద్దని అందరం చెబుతూనే ఉంటాం. మరి ఆఫీసు కంప్యూటర్‌లోకి పెన్‌డ్రైవ్‌తో వచ్చే ఈఎక్స్ఈ సంగతేంటి? యాంటీవైరస్ చెడ్డవాటిని గుర్తుపట్టి ఆపాలని చూస్తుంది. అప్లికేషన్ అలౌలిస్టింగ్ దానికి రివర్స్. రేషన్ షాపులాగా లిస్టులో పేరుంటేనే పని. లేకపోతే ఎంత మంచి ప్రోగ్రామైనా రన్ కాదు.

ఇది మనకి దూరం విషయం కాదు. 2017 మేలో వానాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని లాక్ అయ్యాయి. 2019 వేసవిలో రెండు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద రాన్సమ్‌వేర్ పడింది.

మా బోనకల్‌లో ఒక ప్రైవేట్ స్కూల్ ఉంది. పన్నెండు కంప్యూటర్లు, అన్నీ విండోస్ 11 ప్రో. పెన్‌డ్రైవ్‌ల షార్ట్‌కట్ వైరస్‌తో విసిగిపోయి నన్ను పిలిచారు. నేను విండోస్‌లోనే ఉండే యాప్‌లాకర్ ఎంచుకున్నా. ఒకప్పుడు ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలోనే పనిచేసేది, ఇప్పుడు ప్రోలో కూడా పనిచేస్తుంది. పైసా ఖర్చు లేదు.

సెక్‌పోల్ ఓపెన్ చేసి డిఫాల్ట్ రూల్స్ పెట్టా. అవి ప్రోగ్రామ్ ఫైల్స్, విండోస్ ఫోల్డర్లలో ఉన్నవాటిని మాత్రమే రన్ కానిస్తాయి. అప్లికేషన్ ఐడెంటిటీ సర్వీస్‌ని ఆటోమేటిక్ చేశా. ఎన్‌ఫోర్స్‌మెంట్ దగ్గర ఏ టిక్కూ పెట్టలేదు. 'నాట్ కాన్ఫిగర్డ్' అంటే ఆఫ్‌లో ఉన్నట్టే అనుకున్నా. కాదు! రూల్స్ ఉండి అది నాట్ కాన్ఫిగర్డ్‌గా ఉంటే రూల్స్ అమలైపోతాయి.

మర్నాడు సిస్టమ్స్ రీస్టార్ట్ అయ్యాయి. సాయంత్రం ఆపరేటర్ అన్న ఫోన్.

"తమ్ముడూ, తెలుగు టైపింగ్ ఓపెన్ కావట్లేదు. రేపు పొద్దున పదో తరగతి తెలుగు పరీక్ష, పేపర్ ఇంకా ప్రింట్ కాలేదు."

ఆ సాఫ్ట్‌వేర్ డి డ్రైవ్‌లో ఉంది. లిస్టులో లేదు. నేను బైక్ తీసి అక్కడికి వెళ్లేలోపు అన్నే దారి కనుక్కున్నాడు. రైట్ క్లిక్, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్. ఓపెన్ అయింది, పేపర్ ప్రింట్ అయింది. అందరూ హ్యాపీ, నాకే గుబులు. డిఫాల్ట్ రూల్స్‌లో అడ్మినిస్ట్రేటర్లకి అన్నీ ఓకే. అక్కడేమో స్టాఫ్ అందరిదీ అడ్మిన్ అకౌంటే. అన్న తెరిచిన తలుపులోంచే వైరస్ కూడా వస్తుంది.

అన్నీ మొదటి నుంచి చేశా. ముందు అందరికీ స్టాండర్డ్ అకౌంట్లు. తర్వాత ఎన్‌ఫోర్స్‌మెంట్‌లో 'ఆడిట్ ఓన్లీ'. ఇందులో ఏదీ ఆగదు, కానీ రూల్ అమల్లో ఉంటే ఆగేవన్నీ ఈవెంట్ వ్యూయర్‌లో 8003 నంబరుతో పడతాయి. నిజంగా ఆగితే 8004. రెండు వారాలు అలాగే వదిలేశా. స్కూళ్లకి ఇంకా ఎక్కువ వదలాలని నా అభిప్రాయం, ఎందుకంటే కొన్ని ప్రోగ్రామ్‌లు పరీక్షలప్పుడే బయటికొస్తాయి.

ఇక రూల్ ఏ రకం అన్నది. పాత్ రూల్ ఈజీ, కానీ డి డ్రైవ్ ఫోల్డర్‌కి పెడితే అందులో ఎవరైనా ఏదైనా పడేయొచ్చు. విండోస్ ఫోల్డర్ కూడా అంత పవిత్రమేం కాదు. లోపల టెంప్, టాస్క్స్ లాంటి చోట్ల మామూలు యూజర్ కూడా ఫైల్ పెట్టగలడు, వాటిని ఎక్సెప్షన్‌లో పెట్టాలి. వానాక్రై అయితే నెట్‌వర్క్ లోపంలోంచి వచ్చి తన ఫైల్‌ని నేరుగా విండోస్ ఫోల్డర్‌లోనే పెట్టుకుంది. దానికి మందు 2017 మార్చిలోనే వచ్చిన ప్యాచ్. అందుకే అలౌలిస్టింగ్ ఉంది కదా అని అప్‌డేట్లు మానేయకండి.

డిజిటల్ సంతకం ఉన్నవాటికి పబ్లిషర్ రూల్ బెస్ట్, వెర్షన్ మారినా నడుస్తుంది. మన టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కి సంతకం లేదు, హ్యాష్ రూల్ పెట్టా. ఫైల్‌లో ఒక్క బైట్ మారినా హ్యాష్ మారుతుంది కాబట్టి ప్రతి అప్‌డేట్‌కీ కొత్త రూల్ రాయాలి. దానికి అప్‌డేట్ వచ్చి ఏళ్లయింది, సో నో ప్రాబ్లమ్!

స్క్రిప్ట్ రూల్స్ మాత్రం మర్చిపోకండి. షార్ట్‌కట్ వైరస్ చాలాసార్లు వీబీఎస్ ఫైల్. దాన్ని నడిపేది మైక్రోసాఫ్ట్ సొంత డబ్ల్యూస్క్రిప్ట్, కాబట్టి ఈఎక్స్ఈ రూల్స్ ఒక్కటే పెడితే దర్జాగా రన్ అవుతుంది.

ఒక సిస్టమ్‌లో అంతా సరిచూసుకుని, పాలసీని ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి మిగతా పదకొండింటిలో ఇంపోర్ట్ చేశా. ఆ తర్వాతే ఎన్‌ఫోర్స్. అడ్మిన్ పాస్‌వర్డ్ కరస్పాండెంట్ గారి దగ్గరుంది. ఆపరేటర్ అన్న మాత్రం కనపడినప్పుడల్లా అడుగుతూనే ఉంటాడు, "ఆ పాస్‌వర్డేదో నాక్కూడా చెప్పొచ్చు కదా తమ్ముడూ" అని.