కమిటీలో కూర్చోబోయే బిడ్డకు

గోదావరిఖని

చిరంజీవి స్రవంతికి,


హెచ్‌ఆర్ ఆఫీసర్‌గా చేరగానే వర్క్స్ కమిటీ బాధ్యత నీకే అప్పగించారని మీ నాన్న చెప్పాడు. "కార్మికులతో కూర్చుని మాట్లాడితే ఉత్పత్తి పెరుగుతుందా, పనిగంటలు దండగా?" అని అడిగావు. ఫోన్‌లో తేలే ప్రశ్న కాదది. అందుకే రాస్తున్నాను.

ముందు మన సింగరేణి బొగ్గు గనుల సంగతి చూడు. 1990ల మొదట్లో ఇక్కడ సంఘాలు కోకొల్లలు. ఒకరితో ఒప్పందం కుదిరితే ఇంకొకరు ఒప్పుకునేవారు కాదు. చీటికీ మాటికీ ఏదో ఒక బాయి (గని) మీద సమ్మె. నష్టాలు పేరుకుపోయి కంపెనీ, ఖాయిలా పరిశ్రమల సంగతి చూసే బీఐఎఫ్‌ఆర్ గడప తొక్కింది. 1998లో రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు మొదలయ్యాయి. తన తరఫున ఎవరు మాట్లాడాలో కార్మికుడే ఓటేసి తేల్చాడు. ఎవరితో సంతకం చేయాలో యాజమాన్యానికీ తెలిసింది. ఆ తర్వాత సమ్మెలు తగ్గాయి, ఆ ఏళ్లలోనే కంపెనీ లాభాల్లోకీ వచ్చింది. అంతా ఎన్నికల చలవేనని అనను. అప్పుల నుంచి దొరికిన ఊరట, కొత్త యంత్రాలు, ఓపెన్‌కాస్టు గనులు, అన్నీ కలిసొచ్చాయి. కానీ రేపు బాయి నడుస్తుందో లేదో తెలియని చోట ఎంత పెద్ద యంత్రం దించినా ఏం లాభం?

గొడవలు తగ్గడం ఒక్కటే కాదు, ఇంకో మేలు ఉంది. భూగర్భ గనిలో పైకప్పును కర్రతో కొట్టి చూస్తారు. రాయి గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. పొర విడితే డొల్లగా మోగుతుంది. ఆ తేడా మొదట చెవినపడేది కప్పు కింద నిలబడ్డవాడికే. గనుల సేఫ్టీ కమిటీల్లో కార్మికుల ప్రతినిధులు ఉండాలన్న నిబంధన అందుకే. వాళ్ల మాట మేనేజర్ దాకా వెళ్తే ప్రాణాలు దక్కుతాయి, పనీ ఆగదు. మీ ఫ్యాక్టరీలోనూ మెషీన్ చప్పుడు మారిందని ఆపరేటర్‌కే ముందు తెలుస్తుంది. చెబితే తప్పు తన మీదికే వస్తుందేమోనని భయపడితే నోరు మెదపడు. ఒంటరిగా చెప్పలేని ఆ మాటను అతని పేరు బయటపెట్టకుండా ప్రతినిధి చెప్పగలడు.

కార్మికులకు చోటిస్తే డబ్బంతా జీతాలకే పోతుందని మీ మేనేజర్లు భయపడవచ్చు. ఆ భయానికి జవాబు జర్మనీలో దొరుకుతుంది. అక్కడ 1976 చట్టం ప్రకారం 2000 మందికి మించి ఉద్యోగులున్న కంపెనీల పర్యవేక్షక బోర్డులో సగం స్థానాలు ఉద్యోగుల ప్రతినిధులవే. ఓట్లు సమానమైతే చైర్మన్‌కు రెండో ఓటు ఉంటుంది. చిన్న జాయింట్ స్టాక్ కంపెనీల్లో మూడో వంతు ఇవ్వాలన్న నిబంధనను 1994 ఆగస్టు తర్వాత పుట్టిన వాటికి తీసేశారు, పాతవాటికి ఉంచారు. యేగర్, షోఫర్, హైనింగ్ అనే ఆర్థికవేత్తలు ఈ పాత, కొత్త కంపెనీలను పోల్చి చూశారు. బోర్డులో కార్మికులున్న చోట జీతాలు చెప్పుకోదగ్గంత పెరగలేదు. పెట్టుబడి తగ్గలేదు సరికదా, యంత్రాలు, కట్టడాల మీద ఎక్కువే పెట్టారు. కాబట్టి అద్భుతాలు ఆశించకు, అలాగని భయపడనూ వద్దు.

వందమంది లేదా అంతకు మించి కార్మికులు పనిచేసే చోట వర్క్స్ కమిటీ అనే ఏర్పాటు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనే వచ్చింది. అది చాలాచోట్ల కాగితం మీదే మిగలడం నాకు బాధ. నీ దగ్గర అలా కానివ్వకు. మీకు నచ్చినవాళ్లను పేర్లు రాసి కూర్చోబెట్టకు, వాళ్లనే ఎన్నుకోనివ్వు. వచ్చిన ప్రతి విషయానికీ గడువులోగా జవాబివ్వు. కాదనాల్సి వస్తే కారణం చెప్పు. ఆర్డర్లు తగ్గినప్పుడు ఆ లెక్కలూ వాళ్ల ముందు పెట్టు. కష్టకాలంలో నిజం దాచినవాళ్లను మంచిరోజుల్లో ఎవరూ నమ్మరు బిడ్డా. ఇంకొకటి, మీ దగ్గర కాంట్రాక్టు కార్మికులు ఎందరో కనుక్కో. ఓటు లేని వాళ్ల మాట కూడా కమిటీకి చేరే దారి మొదటి మీటింగ్‌లోనే వేయించు.

నీ మేలు కోరే,
పెదనాన్న