బేత్లెహేమునకు వెళ్లని శాస్త్రులు
(యౌవనస్థుల బైబిలు పాఠము)

చదువవలసిన భాగములు: మత్తయి 2:1–12, లూకా 2:8–20, 2 కొరింథీయులకు 3:2–3



డిసెంబరు మాసము వచ్చినది. సిద్దిపేట చుట్టుప్రక్కల గ్రామములలో విశ్వాసుల యిండ్లమీద కాగితపు నక్షత్రములు వ్రేలాడుచున్నవి. రాత్రివేళ పాటల బృందములు ఇంటింటికి తిరుగుచున్నవి. అయితే ఉపాధ్యాయ శిక్షణ పొందుచు బి.ఎడ్. చదువుచున్న మన బిడ్డలకు మరియొక భారము కూడ కలదు. సెమిస్టరు ముగింపు క్రిస్మస్‌తో కలిసివచ్చిన యేట, పాఠ్యపథకముల రికార్డులు పూర్తిచేయవలెను, చార్టులు గీయవలెను, ఇంటర్నల్ పరీక్షలును వైవాయును ఉండును. సంఘమువారేమో, "మీరు టీచరు కాబోవువారు గదా, సండేస్కూలు పిల్లలకు నాటకము మీరే నేర్పుడి" అందురు. ఒక చేత రికార్డు పుస్తకము, ఒక చేత గొఱ్ఱెల కాపరి వేషమునకు గొంగడి! ఇట్టి తొందరలో నున్నవారికొరకే ఈ పాఠము వ్రాయబడుచున్నది.

1. జవాబు తెలిసినవారు

తూర్పుదేశపు జ్ఞానులు యెరూషలేమునకు వచ్చి, పుట్టిన రాజు ఎక్కడ నున్నాడని అడిగిరి. హేరోదు కలవరపడి ప్రధాన యాజకులను శాస్త్రులను పిలిపించి అదే ప్రశ్న వేసెను. వారు తడుముకొనలేదు. మీకా ప్రవక్త గ్రంథమును చూపి, బేత్లెహేములోనే యని చెప్పిరి. అది పరీక్షయైన యెడల వారికి నూటికి నూరు మార్కులు వచ్చియుండును.

అయితే వారిలో ఒక్కడైనను బేత్లెహేమునకు వెళ్లినట్లు మత్తయి వ్రాయలేదు. యెరూషలేమునుండి బేత్లెహేము సుమారు 6 మైళ్లు మాత్రమే. దూరదేశమునుండి వచ్చిన అన్యులు వెళ్లి మ్రొక్కిరి. చదువులేని కాపరులు మందలను విడిచి త్వరపడి వెళ్లిరి. జవాబు చెప్పినవారో, తమ గ్రంథపు చుట్టలయొద్దనే నిలిచిపోయిరి. వారికి కొదువైనది జ్ఞానము కాదు, నడక.

ఇది ఉపాధ్యాయులు కాబోవువారికి గొప్ప హెచ్చరిక. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో చేసిన నిబంధనలచొప్పున బి.ఎడ్. రెండేండ్ల చదువాయెను, అందులో కనీసము 20 వారములు పాఠశాలలతో సంబంధము కలిగి గడపవలెనని నియమించిరి. ఏలయనగా బోధించుట పుస్తకములో కాదు, పిల్లల మధ్యనే నేర్చుకొనవలెను. అట్లుండగా కొందరు చెప్పని పాఠమును చెప్పినట్లు వ్రాయుదురు. వెనుకటి సంవత్సరపు విద్యార్థి రికార్డును తెచ్చి, పేరును తేదీని మార్చి ఎత్తివ్రాయుదురు. అందరును ఇట్లు చేయుదురని చెప్పుట లేదు. గాని సెమిస్టరు చివరి వారములో ఈ శోధన అందరి తలుపు తట్టును. అక్షరములు ముత్యములవలె నుండవచ్చును, మార్కులును రావచ్చును. కాని ఆ పాఠము ఏ బిడ్డయొద్దకును వెళ్లలేదు. అది బేత్లెహేమునకు వెళ్లని జవాబు.

2. తెలిసిన దానినుండి తెలియని దానికి

బోధనాపద్ధతులలో మీరు మొదట నేర్చుకొను సూత్రమిది. ఈ సూత్రమును క్రిస్మస్ రాత్రి దేవుడెట్లు వాడెనో చూడుడి. కాపరులకు ఇచ్చిన గురుతు ఏది? పశువుల తొట్టి. అది వారు దినదినము చూచునదే. నక్షత్రములను పరిశీలించు జ్ఞానులకు ఇచ్చిన గురుతు ఏది? ఆకాశములోని నక్షత్రము. కాపరులను ఖగోళశాస్త్రము నేర్చుకొని రమ్మనలేదు. జ్ఞానులను పశువుల పాకలు వెదకుమనలేదు. ఎవరికి ఏది తెలియునో దానిచేతనే వారిని పిలిచి, ఒక్క శిశువునొద్దకే నడిపించెను.

మన ప్రాంతపు బిడ్డకు కోమటిచెరువు తెలియును. ఎండకాలములో నీరు తగ్గుట తెలియును. నీరు ఆవిరియగుటను గూర్చిన పాఠము అక్కడనుండి మొదలుపెట్టవచ్చును. సిద్దిపేట గొల్లభామ చీర తెలియును. తలపై కుండతోనున్న ఆ బొమ్మ వరుసలు తప్పక అంచు పొడుగున నేయబడుటను చూపి, లెక్కలలో క్రమమును బోధింపవచ్చును. ఎత్తివ్రాసిన రికార్డులో ఈ చెరువు ఉండదు, ఈ చీర ఉండదు. ఎందుకనగా అది ఈ బిడ్డను చూచి వ్రాసినది కాదు.

3. చేతితో చేసిన పటము

బోధనోపకరణములు కొనుటకు డబ్బు లేదని కొందరు చింతింతురు. విలియం కేరీని జ్ఞాపకము చేసికొనుడి. ఇంగ్లండులో మౌల్టన్ అను గ్రామమున ఆయన చెప్పులు కుట్టుచు, పిల్లలకు చదువు చెప్పుచుండెను. కాగితములను ఒకదానికొకటి అతికించి, తన చేతితోనే ప్రపంచపటము గీసి గోడకు తగిలించెను. ఆయా దేశముల జనసంఖ్యయు మతములును దానిమీద వ్రాసికొనెను. ఆ పటము మొదట ఆయన హృదయమునకే పాఠము చెప్పెను. 1793లో ఆయన మన దేశమునకు వచ్చెను. 1814లో తెలుగు వ్యాకరణము ప్రచురించెను. 1818లో మార్ష్‌మన్, వార్డ్ అను సహోదరులతో కూడి సేరంపూరు కళాశాలను స్థాపించెను. దానికి 1827లో డెన్మార్కు రాజు పట్టములిచ్చు అధికారము నిచ్చెను. నేటికిని మన వేదాంత కళాశాలలు అనేకము సేరంపూరు సెనేటు ద్వారానే పట్టములు పొందుచున్నవి. పెద్ద విద్యాలయమునకు ముందు చిన్న గ్రామపు బడియు, అతికించిన కాగితములును ఉండెను.

మరియొక ఉదాహరణము మనకు సమీపముననే యున్నది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ దేవాలయములో మూడు రంగుటద్దముల కిటికీలు కలవు: ఆరోహణము 1927లోను, యేసు జననము 1947లోను, సిలువ 1958లోను అమర్చబడినవి. అక్షరము రాని తల్లియు వాటిని చూచి సువార్త గ్రహింపగలదు. అయితే రాత్రివేళ లోపలనుండి చూచినయెడల అవి నల్లగానే కనబడును. వెలుపటి వెలుగు వాటిగుండ వచ్చినప్పుడే బొమ్మ కనబడును. మీ చార్టులును అంతే. వాటివెనుక బిడ్డలయెడల ప్రేమ అను వెలుగు లేనియెడల, అవి రంగు కాగితములు మాత్రమే.

4. సిరాతో వ్రాయని రికార్డు

పౌలు కొరింథు సంఘమువారిని ఒక పత్రికతో పోల్చెను. అది సిరాతో వ్రాసినది కాదు, హృదయములమీద ఆత్మచేత వ్రాసినది. ఉపాధ్యాయునికి ఉండు నిజమైన రికార్డు ఇదియే. మునుపు మన పల్లెలలో పగలు పిల్లలకు అక్షరములు దిద్దించి, రాత్రి పెద్దలకు వాక్యము చెప్పిన ఉపదేశుల పుస్తకములు ఇప్పుడెక్కడ నున్నవి? చెదలు తినియుండును. గాని వారు చదువు చెప్పినవారి మనుమలు ఈ దినమున ఉపాధ్యాయులై యున్నారు. ఆ రికార్డును చెదలు తినలేదు.

కావున రికార్డు వ్రాయుట వ్యర్థమని తలంపకుడి. శ్రద్ధతో వ్రాయుడి, చెప్పిన పాఠమునే వ్రాయుడి, తప్పిన పాఠమును తప్పినట్లే వ్రాసి, ఎందుకు తప్పెనో ఆలోచించుడి. సత్యముగా వ్రాసిన పది పుటలు, ఎత్తివ్రాసిన నూరు పుటలకంటె మిమ్మును మంచి ఉపాధ్యాయులనుగా చేయును. క్రిస్మస్ నాటకము నేర్పుటయు చదువునకు ఆటంకమనుకొనవద్దు. మాట రాని సిగ్గరి బిడ్డచేత ఒక్క మాట ధైర్యముగా పలికించితిరా, అది ఏ పరీక్షాధికారియు చూడని బోధనాభ్యాసము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. శాస్త్రులు బేత్లెహేమునకు ఎందుకు వెళ్లలేదని మీరు తలంచుచున్నారు?
2. మీ తరగతిలో వెనుకబడిన ఒక బిడ్డకు బాగుగా తెలిసిన సంగతి ఏది? దానినుండి ఏ పాఠము మొదలుపెట్టగలరు?
3. ఈ సెమిస్టరులో మీరు వ్రాసిన పాఠములలో ఏది నిజముగా ఒక బిడ్డయొద్దకు వెళ్లినది?

ప్రార్థన

మాయొద్దకు నడిచివచ్చిన ప్రభువా, జవాబు తెలిసియు కదలని హృదయమును మాకు ఇయ్యకుము. మా విద్యార్థుల చేతులను సత్యములోను, వారి పాదములను చిన్నబిడ్డల త్రోవలోను స్థిరపరచుము. ఆమేన్.