పెరటిలోకి వచ్చిన లేడి

పాఠ్యాంశ ఉద్దేశం

ఒక ఊరి ప్రజలందరికీ సంబంధించిన సమస్యపై భిన్నాభిప్రాయాలు తలెత్తినప్పుడు వాటిని సావధానంగా విని, నిజానిజాలను తూచి, ఒక నిర్ణయానికి రావడం పౌరులందరికీ అవసరమైన విద్య. అమెరికా సంయుక్త రాష్ట్రాల తూర్పుతీరంలోని నగర శివారు పట్టణాలలో జింకల సంఖ్యను గురించి సాగుతున్న వాదోపవాదాలను ఆధారంగా చేసుకొని ఆ విద్యను విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠ్యాంశ ఉద్దేశం.

పాఠ్యభాగం

లేడి అనగానే భారతీయుల మనస్సులో మెదిలేది ఆశ్రమవాటిక. కణ్వాశ్రమంలో శకుంతల పెంచిన లేడికూన, పంచవటిలో సీతమ్మ మనస్సు దోచిన మాయలేడి మనకు చిరపరిచితాలు. భాగవతంలోని భరతుడు రాజ్యభోగాలను త్యజించి తపస్సు చేసుకుంటూ, ఏటిలో కొట్టుకొనిపోతున్న ఒక లేడికూనను కాపాడాడు. దానిపై మమకారం పెంచుకొని మరుజన్మలో తానే లేడియై జన్మించాడు. ప్రాణిని కాపాడడం కరుణ. ఆ కరుణ వల్ల ఏర్పడే బాధ్యతను ఎంతవరకు మోయాలన్నది వేరొక ప్రశ్న. నేడు అమెరికాలోని అనేక పట్టణాల ప్రజలు తమ పెరటిలోకి వచ్చిన జింకలను చూస్తూ ఈ రెండవ ప్రశ్నతోనే సతమతమవుతున్నారు.

అక్కడ వివాదానికి కేంద్రమైనది తెల్లతోక జింక. ఐరోపావారు అమెరికా ఖండంలో అడుగుపెట్టడానికి పూర్వం అక్కడ ఈ జింకలు రెండున్నర కోట్ల నుండి మూడున్నర కోట్ల వరకు ఉండేవని శాస్త్రజ్ఞుల అంచనా. మాంసం కోసం, చర్మాల కోసం హద్దూ అదుపూ లేకుండా సాగిన వేట వల్ల 1900 నాటికి వాటి సంఖ్య సుమారు ఐదు లక్షలకు పడిపోయింది. చట్టవిరుద్ధంగా వేటాడిన మృగాలను ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి తరలించి అమ్మడాన్ని నిషేధిస్తూ 1900లో లేసీ చట్టం వచ్చింది. తుపాకులు, తూటాలపై వసూలైన పన్నును వన్యప్రాణుల పునరుద్ధరణకు వినియోగించాలని 1937లో మరొక చట్టం చేశారు. ఈ కృషి ఫలించి నేడు ఆ దేశంలో జింకలు మళ్ళీ దాదాపు మూడు కోట్లకు చేరుకున్నాయి. అంతరించిపోయే స్థితి నుండి ఒక జాతి తిరిగి కోలుకోవడం నిజంగా గొప్ప విజయమే.

అయితే జింకలు తిరిగి వచ్చేనాటికి వాటి లోకం పూర్వంలా లేదు. వాటిని వేటాడే తోడేళ్ళను, కొండసింహాలను తూర్పు ప్రాంతంలో మనుషులు ఎన్నడో తుడిచిపెట్టారు. అడవులను ముక్కలు చేసి ఇళ్ళు కట్టారు. ఇంటింటికీ పచ్చిక బయళ్ళు, పూలమొక్కలు, కూరగాయల మళ్ళు వెలిశాయి. దట్టమైన అడవి కంటే అడవి అంచు జింకకు ఎక్కువ అనుకూలం. దాగడానికి చెట్లు, మేయడానికి లేత చిగుళ్ళు పక్కపక్కనే దొరికే చోటు దానికి స్వర్గసమానం. శివారు పట్టణమంటే అడుగడుగునా అటువంటి అంచే. జనావాసాల నడుమ తుపాకి పేల్చడం ప్రమాదకరం కనుక అక్కడ వేటపై ఆంక్షలూ ఉన్నాయి. మేత పుష్కలం, శత్రుభయం శూన్యం.

ఇటువంటి పరిస్థితిలో జింకలు ఎంత వేగంగా పెరుగుతాయో ఒక ఉదాహరణ తెలియజేస్తుంది. మిచిగన్ రాష్ట్రంలో 1928లో కంచె వేసిన సుమారు 1,100 ఎకరాల స్థలంలో రెండు మగజింకలను, నాలుగు ఆడజింకలను వదిలారు. ఆరేళ్ళ తరువాత లెక్కించి చూస్తే వాటి సంఖ్య 160కి చేరిందని తేలింది. ఆడజింక సుమారు ఆరున్నర నెలలు గర్భం మోస్తుంది. మేత సమృద్ధిగా ఉంటే ఒక్కొక్క కాన్పులో రెండేసి కూనలను ఈనడం సర్వసాధారణం.

జింకలు పెరిగితే వచ్చే నష్టమేమిటని ఎవరైనా అడగవచ్చు. మొదటిది రహదారి ప్రమాదం. అమెరికాలో ప్రతి సంవత్సరం పది లక్షలకు మించి వాహనాలు జింకలను ఢీకొంటున్నాయి. వీటిలో జింకలే కాక మనుషులూ మరణిస్తున్నారు. రెండవది అడవికి కలిగే హాని. జింకలు నేలబారు మొక్కలను, లేత వృక్షాలను మేసివేయడం వల్ల ముసలిచెట్లు కూలిన చోట కొత్తచెట్లు పెరగవు. పొదలలో గూళ్ళు కట్టుకొనే పక్షులకు నిలువనీడ కరువవుతుంది. పైకి పచ్చగా కనిపించే అడవి లోలోపల సంతానం లేని వృద్ధునివలె క్షీణిస్తుంది.

మూడవది లైమ్ వ్యాధి. కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్ అనే ఊరి పరిసరాలలో పిల్లలకు కీళ్ళవాపులు వస్తున్నాయని 1975లో ఇద్దరు తల్లులు గుర్తించి అధికారులను హెచ్చరించారు. ఆ ఊరి పేరే వ్యాధికి స్థిరపడింది. నల్లకాళ్ళ పిడుదు కుట్టడం వల్ల ఈ వ్యాధి సోకుతుంది. 2010 నుండి 2018 వరకు గల కాలంలో అమెరికాలో ఏటా సుమారు 4,76,000 మంది దీనికి చికిత్స పొందారని ప్రభుత్వ ఆరోగ్యసంస్థ అంచనా వేసింది. ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గ్రహించాలి. పిడుదులకు ఈ వ్యాధిక్రిమిని అంటించేది జింక కాదు. ప్రధానంగా అడవి ఎలుక. అయితే పెరిగిన పిడుదులు రక్తం పీల్చి గుడ్లు పెట్టడానికి జింకపైనే ఎక్కువగా ఆధారపడతాయి. మెయిన్ రాష్ట్రంలోని మన్‌హేగన్ అనే చిన్న దీవిలో 1990ల చివర జింకలన్నింటినీ తొలగించిన తరువాత పిడుదులు బాగా తగ్గాయి. కాని నలువైపులా తెరచి ఉన్న ప్రధాన భూభాగంలో కొన్ని జింకలను తగ్గించినంత మాత్రాన వ్యాధి తగ్గుతుందని నిశ్చయంగా చెప్పలేము. సభలలో వాదించేవారు ఇరుపక్షాలలోనూ ఈ సత్యంలో తమకు అనువైన సగాన్నే చెబుతుంటారు.

ఇక పరిష్కార మార్గాలను పరిశీలిద్దాం. న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్రిన్స్‌టన్ పట్టణం 2001లో శిక్షణ పొందిన గురికాండ్రను నియమించి చలికాలపు రాత్రులలో జింకలను చంపించింది. రహదారి ప్రమాదాలు భరించలేని స్థాయికి చేరాయని పాలకులు చెప్పారు. ఇది క్రూరమని, జనావాసాల నడుమ తుపాకులు పేల్చడం అపాయకరమని కొందరు పౌరులు నిరసనలు తెలిపారు, న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. తరువాతి సంవత్సరాలలో వాహన ప్రమాదాలు తగ్గాయి. అయితే ఒక ఏడాది చంపి ఊరుకుంటే మిగిలినవి మళ్ళీ పెరుగుతాయి. కాబట్టి ఈ మార్గాన్ని ఎంచుకొన్న ఊరు ఏటేటా ఆ బాధాకరమైన పనిని కొనసాగించక తప్పదు.

హడ్సన్ నది ఒడ్డున ఉన్న హేస్టింగ్స్ అనే చిన్న ఊరు మరొక దారిని ఎంచుకొంది. అక్కడ జింకలను చంపాలన్న ఆలోచనకు తీవ్రమైన వ్యతిరేకత ఎదురైంది. అందుచేత 2014లో ఆడజింకలకు గర్భనిరోధక టీకాలు వేసే ప్రయోగాన్ని ప్రారంభించారు. పంది అండాశయం నుండి తీసిన మాంసకృత్తితో తయారైన ఈ టీకా గర్భధారణను అడ్డుకుంటుంది. ప్రాణం తీయకుండా సంఖ్యను అదుపు చేయడం దీని సుగుణం. ఒక్కొక్క జింకను పట్టి, మత్తుమందు ఇచ్చి, చెవికి గుర్తు తగిలించి, మళ్ళీ మళ్ళీ టీకా వేయవలసి రావడం దీనిలోని కష్టం. పైగా ఇప్పటికే ఉన్న జింకలు బ్రతికి ఉన్నంతకాలం మేస్తూనే ఉంటాయి. కనుక ఫలితానికి సంవత్సరాల తరబడి ఎదురు చూడాలి.

మూడవ ఉదాహరణ న్యూయార్క్ నగరంలో భాగమైన స్టేటన్ దీవి. న్యూజెర్సీ తీరం నుండి ఇరుకైన జలసంధిని ఈదుకుంటూ జింకలు ఈ దీవికి చేరుకున్నాయి. 2008లో వాటి సంఖ్య 24 అని అంచనా వేశారు. 2014లో విమానం నుండి లెక్కించినప్పుడు 763 కనిపించాయి. 2016 నాటికి అవి సుమారు రెండు వేలని తేలింది. న్యూయార్క్ నగరంలో వేట నిషిద్ధం. అందువల్ల నగర పాలకులు 2016లో మగజింకలకు కుటుంబనియంత్రణ శస్త్రచికిత్స చేయించడం మొదలుపెట్టారు. కొద్ది కాలంలోనే వెయ్యికి పైగా మగజింకలకు ఈ చికిత్స జరిగింది. పుట్టే కూనల సంఖ్య తగ్గుముఖం పట్టింది. చికిత్స జరగని ఒక్క మగజింక మిగిలినా అనేక ఆడజింకలు గర్భం ధరించగలవని, మిలియన్ల డాలర్ల ప్రజాధనం ఇందుకు వెచ్చించడం తగదని విమర్శకులు అభ్యంతరం చెప్పారు. చుట్టూ నీరున్న దీవి కావడం వల్లనే ఆ మాత్రమైనా ఫలించింది. జింకలు యథేచ్ఛగా వచ్చిపోయే ఊరిలో ఈ పద్ధతి ఇలాగే పనిచేస్తుందని అనుకోలేము.

జింకలను పట్టుకొని దూరపు అడవిలో వదలవచ్చు కదా అని చాలామంది సూచిస్తారు. వినడానికి ఇది అన్నింటికంటే దయగల మార్గంగా తోస్తుంది. కాని పట్టుకొనేటప్పుడు కలిగే భయానికే ఎన్నో జింకలు ప్రాణాలు విడుస్తాయి. కొత్తచోట మేత, దారులు తెలియక మరికొన్ని నశిస్తాయి. రోగాలు ఒకచోటి నుండి మరొకచోటికి వ్యాపించే ప్రమాదమూ ఉంది. దయ మంచి మనస్సుతో మొదలైనా, ఫలితం ఏమవుతుందో విచారించిన తరువాతనే దానిని ఆచరణలో పెట్టాలి.

న్యూజెర్సీలోని శివారు పట్టణాలలో తెలుగువారు గణనీయంగా స్థిరపడ్డారు. పెరటిలో గోంగూర, సొర, బీర పాదులు పెంచుకొనే కుటుంబాలకు జింక నిత్యపరిచయమే. తెల్లవారేసరికి పాదులు మోడువారి కనిపిస్తే గృహిణికి కోపం వస్తుంది. అదే జింక కూనతో గడ్డిమీద నిలబడితే పిల్లలు మురిసిపోతారు. అహింసను పరమధర్మంగా భావించే కుటుంబానికి తుపాకి మాట వినడమే కష్టం. అదే కుటుంబంలోని తల్లి సాయంకాలం ఆటలాడి వచ్చిన బిడ్డ కాళ్ళపై పిడుదుల కోసం వెతకవలసి వస్తుంది. జింకపై ప్రేమ, బిడ్డపై ఆందోళన ఒకే హృదయంలో ఉండగలవు. కాబట్టి ఈ వివాదాన్ని దయగలవారికీ దయలేనివారికీ మధ్య పోరుగా చిత్రించడం అన్యాయం.

ఏ ఊరి చర్చలోనైనా మూడు ప్రశ్నలకు ముందుగా సమాధానం రావాలి. ఇక్కడ జింకలు నిజంగా ఎన్ని ఉన్నాయి? తగ్గించాలనుకుంటున్నది జింకల సంఖ్యనా, ప్రమాదాలనా, వ్యాధినా? ఎంచుకొన్న మార్గం ఫలించిందో లేదో ఎప్పుడు, ఎలా కొలుస్తారు? ఈ ప్రశ్నలు అడగకుండా సాగే సభలో గొంతు పెద్దదైనవారే గెలుస్తారు. మేత పెట్టడం మానడం, ఎనిమిది అడుగుల కంచె వేసుకోవడం, జింకలు ఇష్టపడని మొక్కలు నాటడం, సంధ్యవేళ వాహనాన్ని నెమ్మదిగా నడపడం వంటివి ఇరుపక్షాలూ అంగీకరించగల పనులు. అవి మాత్రమే సమస్యను తీర్చలేకపోవచ్చు; కాని కలసి పనిచేయడానికి అవి నాంది పలుకుతాయి.

మన నేలపై ఈ సమస్య మరొక రూపంలో కనిపిస్తుంది. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు, చుక్కల జింక తెలంగాణకు రాష్ట్ర జంతువులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వీటికి రక్షణ కల్పిస్తున్నది. హైదరాబాదు శివారులో కృష్ణజింకల కోసం 1975లో మహావీర్ హరిణ వనస్థలి ఏర్పడింది. కాలక్రమంలో నగరం పెరిగి దానిని చుట్టుముట్టింది. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల భూమిలో చెట్ల తొలగింపును 2025 ఏప్రిల్‌లో సర్వోన్నత న్యాయస్థానం నిలిపివేయించినప్పుడు, అక్కడి జింకల గతి ఏమిటన్న ప్రశ్న రాష్ట్రమంతటా వినిపించింది. మరొకవైపు నారాయణపేట ప్రాంతంలో కృష్ణజింకల మందలు పంటలను మేసివేస్తున్నాయని రైతులు మొరపెట్టుకుంటున్నారు. నగరవాసికి ముచ్చట గొలిపే జింకే చిన్నరైతుకు ఆకలి తెచ్చిపెట్టవచ్చు. అటువంటప్పుడు జింకను కాపాడుకొనే సంతోషం సమాజమంతటిదీ, నష్టం రైతు ఒక్కనిదీ కావడం ధర్మం కాదు.

తోడేళ్ళను తొలగించినవాడు మనిషి. అడవిని ముక్కలు చేసి, పెరటిలో లేతమొక్కలు నాటి జింకను పిలిచినవాడూ మనిషే. ఇంతా చేసి, ప్రకృతి తన దారి తాను చూసుకుంటుందని చేతులు కట్టుకొని కూర్చుంటే, ఆ నిర్ణయం కూడా మనిషిదే అవుతుంది. దాని మూల్యాన్ని రహదారిపై పడిపోయిన జింక, జ్వరంతో మంచం పట్టిన బిడ్డ, చిగురించలేని అడవి చెల్లిస్తాయి. ఏ మార్గం ఎంచుకొన్నా అందులో కొంత బాధ తప్పదని ఒప్పుకొని, ఆ బాధను వీలైనంత తగ్గించే ప్రయత్నంలో ఇరుగుపొరుగువారు ఒకరి మాట ఒకరు వినడమే ఈ సమస్య పౌరసమాజం నుండి కోరుతున్నది.

కఠిన పదాలు – అర్థాలు

ఆశ్రమవాటిక : ఆశ్రమ ప్రదేశం
చిరపరిచితం : చాలాకాలంగా తెలిసినది
త్యజించి : విడిచిపెట్టి
పిడుదు : పశువుల ఒంటిని పట్టుకొని రక్తం పీల్చే చిన్న పురుగు
గురికాండ్రు : గురి తప్పకుండా కాల్చేవారు
మాంసకృత్తి : ప్రోటీను
జలసంధి : రెండు భూభాగాల నడుమ ఉండే ఇరుకైన నీటిపాయ
యథేచ్ఛగా : ఇష్టం వచ్చినట్లుగా
మోడువారి : ఆకులు పోయి కాడలు మాత్రమే మిగిలి
నాంది : ప్రారంభం

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అమెరికా శివారు పట్టణాలలో జింకలు పెరగడానికి గల కారణాలను, అందువల్ల కలిగే నష్టాలను వివరించండి.
2. ప్రిన్స్‌టన్, హేస్టింగ్స్, స్టేటన్ దీవి అనుసరించిన మార్గాలలోని మంచిచెడ్డలను సరిపోల్చండి.

ఆ) క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. లైమ్ వ్యాధి వ్యాప్తిలో జింక పాత్ర ఏమిటి?
2. జింకలను దూరపు అడవిలో వదలడం ఎందుకు మేలైన మార్గం కాదు?
3. చర్చకు ముందు ఊరివారు వేసుకోవలసిన మూడు ప్రశ్నలు ఏవి?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. "మేత పుష్కలం, శత్రుభయం శూన్యం."
2. "జింకపై ప్రేమ, బిడ్డపై ఆందోళన ఒకే హృదయంలో ఉండగలవు."

ఈ) భాషాకార్యం
1. విడదీసి సంధి పేరు రాయండి : కణ్వాశ్రమం, వాదోపవాదాలు, యథేచ్ఛ.
2. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి : శత్రుభయం, ఇరుపక్షాలు, నిజానిజాలు.

ఉ) ప్రాజెక్టు పని
మీ ఊరిలో కోతులు, అడవిపందులు, జింకలు వంటి వన్యప్రాణుల వల్ల ఎదురయ్యే ఇబ్బందులను గురించి ఒక రైతును, ఒక అటవీ ఉద్యోగిని, ఒక జంతుప్రేమికుని కలిసి మాట్లాడండి. ముగ్గురి అభిప్రాయాలను నమోదు చేసి, మీ తరగతిలో చర్చ నిర్వహించండి.