సర్వరు పడుట యననేమి? రైతులు తెలిసికొనదగిన కంప్యూటరు మాటలు



మల్దకల్ మండలములో నొక గ్రామమున మేము ప్రత్తిచేను చూచుచుండగా వృద్ధ రైతొకడు మా యొద్దకు వచ్చి, "అయ్యా, ఈ సర్వరెవరు? ఎప్పుడు పోయినా సర్వరు పడ్డడంటరు. ఆయనకింత రోగమేంది?" అని యడిగెను. చుట్టునున్న వారు నవ్విరి. మేము నవ్వజాలకపోతిమి. ఏలయన ఆతడు మూడు దినముల పని మానుకొని తిరిగియుండెను. ఆ మాట కర్థ మెవ్వరును ఆతనికి చెప్పియుండలేదు. కావున ఈ మాసమున గులాబి పురుగు సంగతి ప్రక్కనుంచి, ఈ మాటలను గూర్చియే వ్రాయుచున్నాము.

కంప్యూటరు లెక్కలు చేయుటకును, వ్రాతలు దాచుటకును ఏర్పడిన యంత్రము. మీ జేబులోని ఫోను సైతము చిన్న కంప్యూటరే. బావివద్ద మోటారు, స్టార్టరు, పైపులు చేతికి తగులును. ఏ మడికి ముందు, ఏ మడికి వెనుక నీరు విడువవలెనను వరుస చేతికి తగులదు. అట్లే కంప్యూటరులో చేతికి తగులు భాగము హార్డువేరు, దానిచే పని చేయించు ఆజ్ఞల వరుస సాఫ్టువేరు. ఏదేని యొక పనికై ఫోనులో నుంచుకొను సాఫ్టువేరునే యాప్ అందురు. 2025లో భారత ప్రత్తి సంస్థ కపాస్ కిసాన్ అను యాప్‌ను తెచ్చి, అందు నమోదై, స్లాటు తీసికొన్న రైతుల ప్రత్తిని కొను ఏర్పాటు చేసెను. స్లాటనగా మన వంతు వచ్చు దినము. అంతకు మించి యందు మర్మమేమియు లేదు.

యంత్రమునకు జ్ఞాపకము రెండు విధములు. ఒకటి కళ్లము వంటిది, రెండవది గాదె వంటిది. పని జరుగునంతసేపు వ్రాత కళ్లములో నుండును. కరెంటు పోయినచో అది గాలివానకు చిక్కిన ధాన్యమే. గాదెలో పోయుటనే సేవ్ చేయుట యందురు. మేము మొదట నేర్చుకొను దినములలో నొక కార్యాలయమున నలువది మంది రైతుల పంట వివరములు మధ్యాహ్నము వరకు కూర్చుండి యెక్కించి, సేవ్ చేయక టీ త్రాగ బోతిమి. మరలి వచ్చునప్పటికి కరెంటు పోయి, తెర నల్లగా నుండెను. ఆ నలువది మంది యిండ్లకును మరల తిరిగితిమి.

దాచిన వ్రాత యొక్కొక్కటి ఫైలు. ఫైళ్లనుంచు సంచి ఫోల్డరు. పూర్వము పట్వారి బస్తా విప్పినప్పుడు పహాణీ లొక కట్టగాను, రసీదు లొక కట్టగాను ఉండుట పెద్దలు చూచియే యుందురు. ఆ బస్తాయే యిప్పుడు యంత్రములోనికి వచ్చినది.

ఇక సర్వరు. మన యిండ్లలో సర్వ యనగా నీళ్లు కాచుకొను గిన్నె. ఇది అది కాదు. అనేకుల వ్రాతలను ఒక్కచోట దాచి, అడిగిన వారికెల్ల అందించు పెద్ద కంప్యూటరే సర్వరు. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి యారంభమయ్యెను. 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూభారతి వచ్చెను. మల్దకల్‌లో మీ సర్వే నంబరు నడిగినప్పుడు ఆ ప్రశ్న దూరముననున్న సర్వరునకు పోయి, జవాబు తిరిగి వచ్చును. ఒక్క తూమువద్దకు అన్ని చేల నీరుకట్టువారును ఒక్కమారే వచ్చినచో నేమగునో, ఎల్లరు నొక్కసారి యడిగినచో సర్వరునకును అదియే యగును. దారి తెగినను, యంత్రము చెడినను జవాబు రాదు. ఇదియే సర్వరు పడుట. అంతమాత్రమున మీ భూమి వివరములు పోయినవని భయపడ నక్కరలేదు. అయితే "సర్వరు పడినది" అన్నవారిని, "ఏ పని ఆగినది? ఎప్పుడు రావలెను?" అని యడుగు హక్కు మీకు కలదు. ఆ మాటను కొందరు తలుపు మూయుటకు వాడుకొనుచున్నారని మా యభిప్రాయము.

కంప్యూటర్లను ఒకదానితో నొకటి కలుపు దారుల వలయే ఇంటర్నెట్టు. దీనికి మూలమైన ఆర్పానెట్టుపై తొలి సందేశము 1969 అక్టోబరు 29న అమెరికాలోని లాస్ ఏంజిలిస్ విశ్వవిద్యాలయము నుండి పంపబడెను. లాగిన్ అను మాటలోని రెండక్షరములు చేరగానే అవతలి యంత్రము ఆగిపోయెను. మన వృద్ధ రైతు ఫిర్యాదు ఇంటర్నెట్టంత పాతదన్నమాట! మన దేశమున సామాన్య ప్రజలకు ఇది 1995 ఆగస్టు 15న అందుబాటులోనికి వచ్చెను.

ఇంటర్నెట్టు బాట యైనచో, ఆ బాటప్రక్క నంగడి వెబ్‌సైటు. ఆ యంగడులను చూపు కిటికీ బ్రౌజరు. ప్రతి యంగడికిని చిరునామా యుండును. మన దేశ ప్రభుత్వ సైట్ల పేరు సామాన్యముగా "గవ్ చుక్క ఇన్" అని ముగియును. పేరు మొదట పీఎం కిసాన్ అని యున్నంత మాత్రమున నమ్మరాదు. బోర్డుపై నెవడైనను ఏ పేరైనను వ్రాసికొనవచ్చును. తోక చూడవలయును.

ఇంతవరకు చెప్పినది మరచినను నష్టము లేదు. ఇకమీద చెప్పునది మరువరాదు. ఓటీపీ యనగా ఒక్కమారు మాత్రమే చెల్లు అంకె. మీ ఫోనునకు వచ్చు ఆ అంకెను తిరిగి చెప్పినచో, "ఈ పని నేనే చేయుచున్నాను, నాకు సమ్మతమే" అని మీరు సంతకము చేసినట్లు యంత్రము గ్రహించును. మన తాతలు షావుకారు నడిగిన తెల్లకాగితముపై వేలిముద్ర వేసి, పిదప అందేమి వ్రాసికొన్నాడో యెరుగక భూములు పోగొట్టుకొనిరి. ఫోనులో నడిగిన వానికి ఓటీపీ చెప్పుట అట్టి వేలిముద్రయే. బ్యాంకు ఉద్యోగి గాని, మా శాఖవారు గాని ఫోను చేసి దాని నడుగరు. మీరే కార్యాలయమునకు పోయి, మీ పని మీ యెదుట జరుగుచుండగా నడిగినను, ఆ సందేశములో నేమి వ్రాసియున్నదో చదివించుకొని పిదప చెప్పుడు.

పిన్ను డబ్బు పంపునప్పుడు వేయునది. డబ్బు పుచ్చుకొనుటకు పిన్ను వేయవలసిన పని లేదు. "మీకు సొమ్ము వచ్చినది, పిన్ను కొట్టుడు" అని యెవడైన ననినచో వాడు దొంగ.

ఏ.పి.కె. యను మరియొక మాట కలదు. అది యాప్‌ను మోసికొని వచ్చు ఫైలు. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో నిట్టి ఫైళ్లను పంపి, వానిని తాకినవారి ఫోనులలోని సందేశములను చదివి, ఖాతాలను ఖాళీ చేసిన మోసములు జరిగినవి. పీఎం కిసాన్ వలన సంవత్సరమునకు వచ్చునది 6,000 రూపాయలు, మూడు కిస్తులుగా. దానికై ఖాతాలోని పంట సొమ్మంతయు పోగొట్టుకొనవలసి వచ్చును. యాప్‌లను ఫోనులోని ప్లే స్టోరు నుండియే తీసికొనుడు.

ఒకవేళ సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచకుడు, తెల్లవారువరకు ఆగకుడు. వెంటనే 1930 అను నంబరునకు ఫోను చేసి, బ్యాంకునకు తెలుపవలయును. దొంగ ఆ సొమ్మును వేరు ఖాతాలకు మార్చకమునుపే ఆపుటకు వీలుండును. ఫోను చేయునప్పుడు పాసుబుక్కు, సొమ్ము పోయినట్లు వచ్చిన సందేశము చేతనుంచుకొనుడు. ఆ సందేశమును చెరిపివేయకుడు. చదువరాని వారు ఈ నంబరును ఇంటి గోడపై బొగ్గుతోనైనను వ్రాయించుకొనవలయును.