ఉపగ్రహాల సాయంతో దాగుడుమూతలు

ఉద్దేశం: చేతిలో ఇమిడే జి.పి.ఎస్. సాధనం ఎలా పనిచేస్తుందో, దానిని ఎలా ఎంచుకోవాలో, జియోకాషింగ్ అనే ఆటలో ఎలా వాడాలో తెలపడం ఈ పాఠం ఉద్దేశం. యంత్రం చేసే పని ఎంతవరకో, మనిషి చేయవలసిన పని ఎక్కడ మొదలవుతుందో గ్రహింపజేయడం కూడా దీని ఉద్దేశమే.

దాగుడుమూతలు ఆడని పిల్లలుండరు. ఒకరు కళ్లు మూసుకొంటారు. మిగిలినవారు గడ్డివాము చాటునో, తలుపు వెనుకో దాగుతారు. ఎంత దాగినా పక్క వీధి దాటి పోరు. అలాకాక, ఎన్నడూ చూడని అడవిలో ఒక చిన్న డబ్బాను దాచి, దాని జాడను రెండు సంఖ్యలలో మాత్రమే చెప్పి, “వెతికి పట్టుకోండి” అంటే ఎలా ఉంటుంది? ఆ ఆటే జియోకాషింగ్. ‘జియో’ అంటే భూమి, ‘కాష్’ అంటే దాచిన నిల్వ. ఆ రెండు సంఖ్యలు అక్షాంశం, రేఖాంశం. వాటిని చదివి దారి చూపేది జి.పి.ఎస్. సాధనం.

ఆట పుట్టిన విధం

జి.పి.ఎస్. అమెరికా రక్షణ శాఖ నిర్మించిన స్థాన నిర్ణయ వ్యవస్థ. దాని మొదటి ఉపగ్రహాన్ని 1978లో ప్రయోగించారు. 1995 నాటికి వ్యవస్థ పూర్తి స్థాయిలో పనిచేయసాగింది. అయితే శత్రువులు వాడుకొంటారన్న శంకతో, సామాన్య ప్రజలకు అందే సంకేతంలో కావాలనే కొంత దోషాన్ని కలిపేవారు. అందువల్ల సాధనం చూపే చోటు అసలు చోటికి వంద మీటర్ల దాకా తప్పేది. 2000 మే 1వ తేదీ అర్ధరాత్రి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆదేశంతో ఆ దోషాన్ని తొలగించారు. తప్పు దాదాపు పదో వంతుకు తగ్గింది.

ఈ మార్పు విలువ లెక్క వేస్తే తెలుస్తుంది. వంద మీటర్ల వ్యాసార్ధం గల వృత్తం వైశాల్యం సుమారు 31,400 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఎనిమిది ఎకరాలు. పది మీటర్ల వ్యాసార్ధం గల వృత్తం వైశాల్యం 314 చదరపు మీటర్లే, అంటే దాదాపు ఎనిమిది సెంట్లు. ఎనిమిది ఎకరాల అడవిలో ఒక డబ్బాను వెతకడం అసాధ్యం. ఎనిమిది సెంట్ల నేలలో వెతకడం ఆట.

ఈ సంగతి డేవ్ అల్మర్ అనే ఆయనకు వెంటనే తట్టింది. మే 3వ తేదీన ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్ క్రీక్ అనే ఊరి దగ్గర ఒక ప్లాస్టిక్ బకెట్టును సగం పాతిపెట్టి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్టులో ప్రకటించాడు. అందులో కొన్ని వస్తువులు, ఒక పుస్తకం, పెన్సిలు ఉంచాడు. కనుగొన్నవారు ఒక వస్తువు తీసుకొని, మరొకటి ఉంచి, పుస్తకంలో పేరు రాయాలన్నది నియమం. మూడు రోజులలోనే ఇద్దరు వేరువేరుగా దానిని కనుగొన్నారు. మొదటివాడు మైక్ టీగ్. ‘జియోకాషింగ్’ అన్న పేరు కూడా ఆ నెలాఖరులోనే వచ్చింది. క్రమంగా ఆట దేశదేశాలకు వ్యాపించింది. భారతదేశంలోనూ ఇలాంటి డబ్బాలు ఉన్నాయి.

సాధనానికి చోటు ఎలా తెలుస్తుంది?

జి.పి.ఎస్. ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, రోజుకు రెండుసార్లు భూమిని చుట్టివస్తుంటాయి. ప్రతి ఉపగ్రహంలోనూ అణు గడియారం ఉంటుంది. “నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత” అని అది నిరంతరం రేడియో సంకేతం పంపుతుంది. ఆ సంకేతం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది. రావడానికి పట్టిన కాలాన్నిబట్టి ఉపగ్రహం ఎంత దూరంలో ఉన్నదో సాధనం లెక్కకడుతుంది. లెక్కలో సెకనులో పదిలక్షల వంతు తప్పినా దూరం 300 మీటర్లు తప్పుతుంది. స్థానం నిర్ణయించడానికి మూడు ఉపగ్రహాల దూరాలు చాలును గాని, సాధనంలోని చౌక గడియారం తప్పును సరిదిద్దడానికి నాలుగోది అవసరం. కాబట్టి కనీసం నాలుగు ఉపగ్రహాలు దానికి కనబడాలి.

రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైడూ, భారతదేశపు నావిక్ కూడా ఇలాంటి వ్యవస్థలే. ఎక్కువ వ్యవస్థలను అందుకొనే సాధనానికి కొండల నడుమ, చెట్ల కింద ఎక్కువ ఉపగ్రహాలు దొరుకుతాయి.

ఎలాంటి సాధనం ఎంచుకోవాలి?

“ఫోనులో జి.పి.ఎస్. ఉండగా వేరే సాధనం ఎందుకు?” అన్న ప్రశ్న సహజమే. ఊరిలో, పార్కులో వెతకడానికి ఫోను చాలు. ఫోను టవరు లేకున్నా అందులోని జి.పి.ఎస్. పనిచేస్తుంది. పటాన్ని మాత్రం ముందే దింపుకోవాలి. ఫోనుకు కష్టం అడవిలోనే. తెర వెలిగినంతసేపూ బ్యాటరీ తరిగిపోతుంది. ఎండలో తెర సరిగా కనిపించదు. రాతిమీద పడితే పగులుతుంది. పైగా అత్యవసరంలో ఇంటికి మాట్లాడవలసిన ఫోనే దారి చూపి చూపి ఆగిపోతే రెండు విధాలా నష్టం.

చేతి సాధనం కొనేవారు నాలుగు సంగతులు చూడాలి.

మొదటిది బ్యాటరీ. పెన్సిల్ సెల్స్ వేసే సాధనమైతే అదనపు జత జేబులో ఉంచుకోవచ్చు. లోపలి బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టే సాధనం అడవిలో ఆగితే మళ్లీ కరెంటు దొరకాలి. రెండవది నీటికి ఓర్పు. ఐ.పి.ఎక్స్. 7 అన్న గుర్తు ఉంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా చెడదని అర్థం. మూడవది తెర. ఎండలో స్పష్టంగా కనిపించాలి. చలిదేశాలలో చేతితొడుగులతో వాడేవారికి, వానలో తిరిగేవారికి తాకే తెరకంటే మీటలు నయం. నాలుగవది దిక్సూచి. సామాన్య సాధనం నడుస్తున్నప్పుడే దిక్కు చెప్పగలదు. నిలబడితే బాణం ఎటో తిరుగుతుంది. ఎలక్ట్రానిక్ దిక్సూచి ఉన్న సాధనం కదలకుండా ఉన్నా దిక్కు చూపుతుంది.

2019లో గార్మిన్ సంస్థ విడుదల చేసిన ఈట్రెక్స్ 22 ఎక్స్, 32 ఎక్స్ అనే సాధనాలు ఇందుకు మంచి ఉదాహరణ. రెండూ అరచేతిలో ఇమిడిపోతాయి. రెండు పెన్సిల్ సెల్స్‌తో పనిచేస్తాయి. రెండూ ఐ.పి.ఎక్స్. 7 రకమే. 32 ఎక్స్‌లో ఎలక్ట్రానిక్ దిక్సూచి, గాలి పీడనాన్నిబట్టి ఎత్తు చెప్పే పరికరం అదనం. మైదానంలో నడిచేవారికి మొదటిది చాలు. కొండలెక్కేవారికి రెండవది మేలు. ధర ఎక్కువైన సాధనమే గొప్పదనుకోరాదు. అవసరానికి సరిపోయినదే మంచిది. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే సాధనాలను మాత్రం మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేనిదే వాడరాదు.

సంఖ్యలు చదవడం

ఎంత మంచి సాధనమైనా తప్పు సంఖ్య ఇస్తే తప్పు చోటికే తీసుకుపోతుంది. యానాం పట్టణం సుమారు 16 డిగ్రీల 44 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిగ్రీకి 60 నిమిషాలు. కాబట్టి దీనిని దశాంశంలో రాస్తే 16.733 డిగ్రీలు అవుతుంది. తొందరపాటున 16.44 అని నొక్కితే సాధనం యానాంకు 32 కిలోమీటర్లు దక్షిణంగా చూపుతుంది. జియోకాషింగ్‌లో సాధారణంగా డిగ్రీలను, దశాంశంతో కూడిన నిమిషాలను వాడతారు. అక్షాంశంలో ఒక నిమిషం సుమారు 1.85 కిలోమీటర్లు. కనుక నిమిషంలో వెయ్యో వంతు రెండు మీటర్లకు కొంచెం తక్కువ. చివరి అంకె తప్పినా కొన్ని అడుగులు తప్పినట్లే.

మరొక జాగ్రత్త ఉంది. భూమి ఆకారానికి ఏ కొలతను ఆధారంగా తీసుకొన్నారన్నదాన్నిబట్టి ఒకే చోటికి సంఖ్యలు కొద్దిగా మారతాయి. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ ప్రారంభించిన మహా త్రికోణమితి సర్వే కొలతల ఆధారంగా, ఆయన తరువాత వచ్చిన జార్జి ఎవరెస్టు 1830లో ఒక నమూనా రూపొందించాడు. భారతదేశపు పాత సర్వే పటాలు దానినే అనుసరించాయి. జి.పి.ఎస్. అనుసరించేది డబ్ల్యు.జి.ఎస్. 84 అనే నమూనా. పాత పటంలోని సంఖ్యలను నేరుగా సాధనంలో పెడితే చోటు చాలా మీటర్లు జరిగిపోతుంది. అందుచేత బయలుదేరేముందే సాధనంలో డబ్ల్యు.జి.ఎస్. 84 ఉన్నదో లేదో సరిచూచుకోవాలి.

నడక

బయలుదేరేచోట ఆకాశం బాగా కనిపించే చోట నిలిచి, సాధనం ఉపగ్రహాలను అందుకొనేవరకు ఆగాలి. పిమ్మట చేయవలసిన మొదటి పని గమ్యాన్ని చూడటం కాదు, నిలబడ్డ చోటును గుర్తుపెట్టించడం. బస్సు దిగిన చోటో, బండి నిలిపిన చోటో సాధనంలో నమోదై ఉంటే తిరుగుదారి తప్పదు. వెతికే ఉత్సాహంలో వేళ తెలియక సూర్యాస్తమయం అయినప్పుడు ఆ ఒక్క గుర్తే ఇల్లు చేరుస్తుంది.

తరువాత డబ్బా సంఖ్యలు ఇచ్చి నడవాలి. తెరమీద బాణం, దూరం కనిపిస్తాయి. బాణం చూపేది పక్షి ఎగిరే దారి. నడుమ వాగు ఉన్నా, లోయ ఉన్నా, కంచె వేసిన చేను ఉన్నా బాణానికి తెలియదు. బాటవెంట నడుస్తూ, దూరం తగ్గుతున్నదో లేదో చూచుకోవాలి. తెరమీద చూపు, కాలికింద బురద అయితే ప్రమాదం తప్పదు. నడిచేటప్పుడు నేలను చూడాలి, నిలిచినప్పుడు తెరను చూడాలి.

చివరి పది మీటర్లు

ఈ ఆటలో కొత్తవారు ఓడిపోయేది ఇక్కడే. తెరమీద దూరం ‘0’ అని కనబడగానే డబ్బా కాలికిందే ఉందనుకొంటారు. డబ్బాను దాచినవారి సాధనంలో 5 మీటర్ల తప్పు ఉండవచ్చు. వెతికేవారి సాధనంలో మరో 5 మీటర్లు ఉండవచ్చు. ఆ రెండూ ఎదురెదురు దిక్కుల్లో ఉంటే తేడా 10 మీటర్లు. చెట్ల గుబురు, రాతిగోడలు సంకేతాన్ని అడ్డుకొని, తిప్పి పంపి తప్పును ఇంకా పెంచుతాయి. తెరమీద చూపే కచ్చితత్వం అంచనాయే గాని హామీ కాదు.

అందుచేత పది మీటర్ల దూరంలో నడక తగ్గించాలి. ఒకచోట నిలిచి బాణం ఎటు చూపుతున్నదో గుర్తించాలి. పక్కకు ఇరవై అడుగులు నడిచి మళ్లీ చూడాలి. రెండు మూడు వైపులనుంచి చూచిన గీతలు కలిసేచోటే వెతకవలసిన చోటు. అక్కడ సాధనాన్ని జేబులో పెట్టాలి. ఇక పని కళ్లది. ఆకులు ఒకే తీరుగా కప్పి ఉన్నాయా? రాళ్లు ఎవరో పేర్చినట్లున్నాయా? తానే దాచవలసివస్తే ఎక్కడ దాచేవాడో ఊహించాలి. నాలుగు దిక్కులూ చూడక తెరనే చూస్తూ తిరిగేవాని పని చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్లవుతుంది.

దొరికిన డబ్బాలోని పుస్తకంలో పేరు, తేదీ రాయాలి. వస్తువు తీసుకొంటే అంతకు తగ్గని విలువ గలది ఉంచాలి. డబ్బాను ఉన్నచోటనే, ఉన్నట్లే తిరిగి దాచాలి.

దాచేవారి బాధ్యత

దాచేవారి తప్పు వారితో పోదు. ఒకరు తప్పు సంఖ్య ప్రకటిస్తే, వచ్చిన వందమందీ లేనిచోట పొదలు విరుస్తారు, రాళ్లు పెకలిస్తారు. అందువల్ల దాచినచోట సాధనాన్ని కొన్ని నిమిషాలు ఉంచి అనేక కొలతల సగటు తీసుకోవాలి. వీలైతే వేరొక రోజు మళ్లీ కొలవాలి. స్థలం యజమాని అనుమతి పొందాలి. రక్షణ స్థలాలలో, రైలు పట్టాల దగ్గర, నిషిద్ధమైన అడవులలో దాచరాదు. ఆహారం ఉంచరాదు, జంతువులు డబ్బాను చించివేస్తాయి. నేల తవ్వి పాతరాదు. అల్మర్ బకెట్టు సగం పాతినదే, అందులో బీన్సు డబ్బా కూడా ఉండేది. అనుభవంతో ఆట తన నియమాలను తానే దిద్దుకొంది.

ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చిన సంకేతం మనిషిని డబ్బాకు పది మీటర్ల దగ్గరకు చేరుస్తుంది. ఆ పది మీటర్లూ దాటించవలసింది అతని చూపు, ఓర్పు, ఆలోచన. సాధనం ఎంత చెప్పగలదో, ఎక్కడ ఆగిపోతుందో తెలిసినవారే దానిని చక్కగా వాడగలరు.

అభ్యాసం

అ. అర్థాలు
దోషం = తప్పు
నిరంతరం = ఎడతెగకుండా
గమ్యం = చేరవలసిన చోటు
పెకలించు = వేళ్లతో సహా పైకి లాగు, ఊడబెరుకు
నిషిద్ధం = కూడదని చెప్పినది

ఆ. ప్రశ్నలు
1. 2000 మే నెలలో జరిగిన మార్పు ఈ ఆట పుట్టుకకు ఎలా కారణమైంది?
2. స్థాన నిర్ణయానికి నాలుగో ఉపగ్రహం ఎందుకు అవసరం?
3. చేతి సాధనం కొనేవారు చూడవలసిన నాలుగు సంగతులేవి?
4. “సాధనాన్ని జేబులో పెట్టాలి” అని ఎందుకన్నారు? సొంత మాటలలో రాయండి.
5. దాచేవారి తప్పువల్ల ప్రకృతికి ఎలాంటి హాని కలుగుతుంది?

ఇ. భాషాంశాలు
1. విడదీసి సంధి పేరు రాయండి: అక్షాంశం, రేఖాంశం, సూర్యాస్తమయం, అత్యవసరం.
2. ‘నాలుగు దిక్కులు’ ఏ సమాసం? విగ్రహవాక్యం రాయండి.
3. పాఠంలోని సామెతను గుర్తించి, దానిని ఉపయోగిస్తూ మరొక సందర్భం రాయండి.

ఈ. కృత్యం
మీ ఊరి అక్షాంశ రేఖాంశాలను పటంలో చూచి డిగ్రీలు, నిమిషాలలో రాయండి. వాటిని దశాంశ రూపంలోకి మార్చండి. బడి ఆవరణలో ఉపాధ్యాయుల అనుమతితో ఒక డబ్బాను దాచి, దిక్కులు, అడుగుల లెక్క మాత్రమే ఇచ్చి తోటివారిచేత వెతికించండి. ఎన్ని అడుగుల తేడా వచ్చిందో, ఎందుకు వచ్చిందో చర్చించండి.